డ్యూటీ దిగాక అరగంట బొమ్మలు

గోదావరిఖనిలో సెకండ్ షిఫ్ట్ రాత్రి పదకొండుకి దిగుతుంది. బొగ్గుబాయి నుంచి ఇల్లు చేరి, స్నానం చేసి, నాలుగు ముద్దలు తినేసరికి పన్నెండు కావస్తుంది. ఒళ్లు పడుకోమంటుంది, నిద్ర మాత్రం రాదు. ఆ వేళ సౌండ్ బాగా తగ్గించి టామ్ అండ్ జెర్రీ పెట్టుకుని కూర్చునే నలభై ఏళ్ల మనుషులు ఆ క్వార్టర్లలో ఉన్నారు. హనుమకొండలో పొద్దంతా కౌంటర్ దగ్గర జనంతో మాట్లాడి వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఫోన్‌లో పాత మారియో ఆడుకుంటాడు. పిల్లల్ని పడుకోబెట్టి, గిన్నెలు కడిగేసి, పదిన్నరకి మంచం మీద కూర్చుని యూట్యూబ్‌లో ఓ పల్లెటూరి కామెడీ చూస్తే తప్ప రోజు గడిచినట్టు అనిపించని టీచర్లు కాజీపేటలోనూ ఉన్నారు, కరీంనగర్‌లోనూ ఉన్నారు.

"ఇద్దరు పిల్లల తండ్రివైనవ్, ఇంకా బొమ్మలు చూసుడేందిరా?" అనే తల్లి మాట ఈ ఇళ్లలో మామూలే. కొడుకు నిద్ర చెడుతుందన్న బెంగతో అనే మాట అది, దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే బొమ్మలంటే పిల్లలవే అన్న లెక్క ఒకటి అందులో ఉంది. ఆ లెక్క ఈ ప్రాంతంలో అంత పాతదేమీ కాదు.

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. 2016లో జిల్లాలు విడిపోయేదాకా వరంగల్ జిల్లాలోదే. అక్కడి నకాషీలు అనే చిత్రకారులు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి రంగు మీద వరసగా బొమ్మలు వేసేవాళ్లు. మూరల కొద్దీ పొడవుండే ఆ పటాన్ని కథకులు ఊరూరా మోసుకెళ్లి, కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ పాట పాడేవాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. గొల్లలకు మందెచ్చులవాళ్లు, ముదిరాజులకు కాకిపడిగెలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు ఉండేవాళ్లు. గీసిన బొమ్మ, దానికి తోడు ఒక గొంతు, వాద్యం. బొమ్మ కదలకపోయినా కథకుడి గొంతు దాన్ని కదిలించేది. ఎదురుగా కూర్చున్నది ఎవరు? మగ్గం దిగినవాళ్లు, గొర్లను దొడ్లో తోలి వచ్చినవాళ్లు, నాట్లేసి నడుం పట్టేసినవాళ్లు. పిల్లలు వాళ్ల ఒళ్లో కూర్చుని చూసేవాళ్లు. బొమ్మల ముందు కూర్చోవడం పెద్దవాళ్ల పనే.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ కథలన్నీ అందరికీ తెలిసినవే. సంక్రాంతికి మొదలయ్యే ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గువాళ్లు చెప్పే మల్లన్న కథ కూడా అంతే. తర్వాత ఏం జరుగుతుందో తెలుసుకుందామని ఎవరూ కూర్చోరు. ఎలా చెబుతాడో, ఎక్కడ నవ్విస్తాడో చూద్దామని కూర్చుంటారు. అలసిన మనిషి తెలిసిన కథ దగ్గరికే ఎందుకు పోతాడన్నది అమెరికాలో బఫలో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు జే డెరిక్ పరిశీలించారు. మనసును బాగా బిగబట్టుకోవాల్సిన పని చేశాక మనుషులు ఇదివరకు చూసిన ఇష్టమైన కార్యక్రమాల వైపే మొగ్గుతారని, అలా చూశాక కోల్పోయిన శక్తి కొంత తిరిగి వస్తుందని 2013లో అచ్చయిన ఆమె అధ్యయనం చెబుతుంది. కొత్త సినిమా అయితే ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవాలి, ఏమవుతుందోనని టెన్షన్ పడాలి. పాత కథలో ఆ బాధ లేదు. పాత్రలన్నీ తెలిసినవాళ్లే.

మరి బొమ్మలు పిల్లలవిగా ఎప్పుడు మారాయి? టీవీ వచ్చాకే. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం పూట జంగిల్ బుక్ వచ్చేది. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది, కేబుల్ వైరుతో పాటు చిన్న ఊళ్లకూ చేరింది. 2008లో హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన ఛోటా భీమ్ మొదలైంది. 2009లో తెలుగు పిల్లల కోసమే ఖుషీ టీవీ పుట్టింది. అంటే ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో షిఫ్టులు చేస్తున్నవాళ్లు ఇక్కడ టీవీ కార్టూన్లతో పెరిగిన మొదటి తరం. వాళ్ల తల్లులకు చిన్నప్పుడు ఆ అనుభవం లేదు, తమ పిల్లలు చూస్తుంటే చూశారు. అందుకే వాళ్ల దృష్టిలో అవి పిల్లల బొమ్మలు. కొడుక్కి మాత్రం అవి బడి నుంచి వచ్చి బ్యాగు పారేసిన సాయంత్రాలు. ఇద్దరి మాటా నిజమే.

టామ్ అండ్ జెర్రీనే తీసుకుందాం. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా 1940లో దాన్ని మొదలుపెట్టారు. అందులోని సినిమాలకు ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఒక్కోటి దాదాపు ఏడు నిమిషాలు. మాటలు దాదాపు ఉండవు. పిల్లి అడుగు, ఎలుక పరుగు, పళ్లెం పగలడం అన్నీ స్కాట్ బ్రాడ్లీ సంగీతంలోనే వినిపిస్తాయి. ఈ మాటలు లేకపోవడమే పెద్ద సుఖం. ఆసుపత్రి కౌంటర్లో కూర్చునేవాళ్లు, కాల్ సెంటర్లో పనిచేసేవాళ్లు, ఇంటర్ పిల్లలకు రోజుకి ఐదు క్లాసులు చెప్పే లెక్చరర్లు పొద్దంతా మాటల్లోనే బతుకుతారు. ఒకరి మాట వినాలి, కోపం వచ్చినా మింగాలి, లేని నవ్వు తెచ్చుకోవాలి. 1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇలా మొహాన్నీ మనసునూ పనికి అప్పగించడాన్ని కూడా శ్రమగానే లెక్కించాలని రాశారు. ఆ శ్రమ చేసి వచ్చిన మనిషిని జెర్రీ ఏమీ అడగదు. తలూపనక్కర్లేదు, జవాబు చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి, టామ్ మొహం పెనం ఆకారంలో చదునైపోతుంది, మరుక్షణం మామూలుగా లేచి మళ్లీ పరిగెడుతుంది. పొద్దంతా ప్రతి తప్పుకీ లెక్క చెప్పాల్సిన చోట పనిచేసి వచ్చినవాడికి, అంటే ఒక సున్నా తప్పు పడితే జీతంలో కోత పడేవాడికో, ఒక బోల్టు వదులైతే ప్రాణం మీదికి వచ్చేవాడికో, దెబ్బ తగిలినా ఏమీ కాని ఆ ఏడు నిమిషాల లోకం ఎంత తేలికగా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

అలసట అందరిదీ ఒకటి కాదన్నది చాలాసార్లు మరిచిపోతాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి బస్తాలు కొండల్లా పడి ఉంటాయి. ఆ బస్తాలు మోసిన హమాలీకి ఒళ్లు అలుస్తుంది, నడుం వాల్చగానే నిద్ర ముంచుకొస్తుంది. అదే మార్కెట్లో అడ్తి దుకాణం గుమాస్తా కుర్చీలోంచి లేవడు. కానీ తూకాలు, రేట్లు, ఫోన్లు, రైతుల కోపం అన్నీ అతని తలలోనే తిరుగుతాయి. అతను పడుకుని కళ్లు మూసుకుంటే అంకెలే కనిపిస్తాయి. "ఊరికే పడుకో, అదే తగ్గుతది" అన్న సలహా హమాలీకి పనికొస్తుంది, గుమాస్తాకి పనికిరాదు. అతని మనసుకి పట్టుకోవడానికి ఇంకేదో కావాలి.

2007లో సబీనా సొన్నెంటాగ్, షార్లట్ ఫ్రిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు పని తర్వాత మనిషి తేరుకోవడంలో నాలుగు అనుభవాలను గుర్తించారు. పని ఆలోచన నుంచి మనసు విడిపోవాలి. ఒళ్లు, మనసు సడలాలి. ఏదో ఒకటి నాకు చేతనవుతోంది అనిపించాలి. ఈ సమయం నాది, నా ఇష్టం అనిపించాలి. కార్టూన్ మొదటి రెండూ బాగా ఇస్తుంది. మూడోది కావాలంటే ఆట కావాలి.

తొంభైల చివర్లో, రెండు వేల మొదట్లో ఇక్కడి ఇళ్లలో టీవీకి తగిలించిన వీడియో గేములు చాలామటుకు 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్ అనే గేమ్ మెషీన్‌కి నకళ్లు. క్యాసెట్ మీద 9999 గేములని రాసి ఉండేది, లోపల ఉన్న పది, ఇరవై గేములే పేర్లు మారి మళ్లీ మళ్లీ వచ్చేవి. స్క్రీన్ మీద గీతలొస్తే క్యాసెట్ తీసి ఊదడం ప్రతి పిల్లాడికీ తెలిసిన వైద్యం. నిజానికి దాన్ని తీసి మళ్లీ సరిగ్గా పెట్టడం వల్లే అది పనిచేసేది, నోటి తడి లోపలి పిన్నులకు చెరుపే చేసేది. కరెంటు పోతే ఎంత దూరం వచ్చినా మళ్లీ మొదటి స్టేజీ నుంచే. బయట గేమ్ షాపుల్లో రూపాయి బిళ్ల వేస్తే ముస్తఫా ఆట ఉండేది. క్యాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. అందులోని నలుగురు వీరుల్లో ఒకడి పేరు ముస్తఫా. మన పిల్లలు ఆటకే ఆ పేరు పెట్టుకున్నారు.

ఇవే ఆటలు ఇప్పుడు ఫోన్‌లోనో, బజారులో దొరికే చిన్న చేతి గేమ్‌లోనో మళ్లీ వస్తున్నాయి. చిన్ననాటి జ్ఞాపకం ఒక్కటే దీనికి కారణమంటే సగమే చెప్పినట్టు. ఆ ఆటలను తయారుచేసిన తీరులోనే అలసిన మనిషికి సరిపడే గుణం ఉంది. 1985లో వచ్చిన సూపర్ మారియో క్యాసెట్‌లో ఉన్న జాగా 40 కిలోబైట్లు. ఇప్పుడు ఫోన్‌తో తీసే ఒక్క ఫోటోకి అంతకంటే ఎన్నో రెట్లు కావాలి. జాగా లేకే మబ్బుకీ పొదకీ ఒకటే బొమ్మ వాడి, రంగు మాత్రం మార్చారు. ఆ ఇరుకులోంచే స్పష్టత పుట్టింది. రెండు బటన్లు. ఎనిమిది లోకాలు, ఒక్కోదానిలో నాలుగు స్టేజీలు, మొత్తం 32. కుడివైపుకి పరిగెత్తాలి, గుంటలో పడకూడదు. ఎలా ఆడాలో ఎవరూ చెప్పనక్కర్లేదు, చేతులకే గుర్తుంటుంది. చాలా స్టేజీల చివర జెండా కర్ర ఉంటుంది, దాన్ని పట్టుకుని కిందికి జారితే అయిపోయినట్టే.

ఆఫీసు పనికి ఆ జెండా కర్ర లేదు. ఫైలు పైకి పోతుంది, నెల తర్వాత తిరిగొస్తుంది. ఒక టార్గెట్ అయితే ఇంకో టార్గెట్ వస్తుంది. సగంలో ఆగిన పనులు పూర్తయిన పనులకంటే ఎక్కువగా గుర్తుండిపోతాయని 1927లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త రాశారు. అన్నం ముందు కూర్చున్నా ఆఫీసు పనే తలలో తిరిగేవాళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు. అలాంటి రోజు చివర్లో ఒక పనిని మొదలుపెట్టి, నాలుగు నిమిషాల్లో కళ్లముందే పూర్తి చేయగలగడం చిన్న సంగతి కాదు. ఓడిపోయినా పోయేది ఒక లైఫ్ మాత్రమే. మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఎవరూ అడగరు.

టెట్రిస్ సంగతి కాస్త వేరు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన ఆ ఆట మన దగ్గరికి బ్రిక్ గేమ్‌గా వచ్చింది. పడుతున్న ముక్కను మనసులోనే తిప్పి చూసుకుంటూ ఖాళీలో ఇమిడించాలి కాబట్టి, మనసులో బొమ్మలు మెదిలే చోటంతా అదే ఆక్రమిస్తుంది. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ బృందం కొందరికి భయంకరమైన దృశ్యాలున్న వీడియో చూపించి, అరగంట తర్వాత వాళ్లలో కొందరితో పది నిమిషాలు టెట్రిస్ ఆడించింది. ఆడినవాళ్లకు తర్వాతి వారంలో ఆ దృశ్యాలు కళ్లముందు మెదలడం తక్కువగా ఉందని తేలింది. మనసుకి తగిలిన పెద్ద గాయాలకు ఇదే మందని అనకూడదు. కానీ ప్రమాద కేసులు చూసి డ్యూటీ దిగిన నర్సు ఇంటికెళ్లే బస్సులో పది నిమిషాలు ఆ ముక్కలు పేర్చుకుంటే దానికి అర్థం ఉంది. ఆ అమ్మాయిని చూసి "ఫోన్ పిచ్చి" అనేయడం అన్యాయం.

పాత ఆటలకు చెప్పిన ఈ మంచి ఇప్పటి ఆన్‌లైన్ ఆటలన్నిటికీ వర్తించదు. రోజూ లాగిన్ అవ్వకపోతే బహుమతి పోతుందని బెదిరించే ఆట, ముక్కూ మొహం తెలియనివాళ్లు మైకులో తిట్టే ఆట, ర్యాంకు పడిపోతుందని రెండింటిదాకా కూర్చోబెట్టే ఆట ఇంకో డ్యూటీ లాంటివి. అందులో టార్గెట్లు ఉన్నాయి, పై అధికారి స్థానంలో ర్యాంకుల పట్టిక ఉంది.

వీడియోల దగ్గరికొస్తే ఉత్తర తెలంగాణకు తనదైన కథ ఉంది. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో లంబాడిపల్లి అనే చిన్న ఊరు. 2012లో శ్రీరాం శ్రీకాంత్ అక్కడ మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానెల్ మొదలుపెట్టారు. ఊరి ఇళ్లు, ఊరి చెట్లు, ఊరి మనుషులే అందులో నటులు. పొలం పనులు చేసుకుంటూ బతికిన గంగవ్వ ఆ వీడియోలతో తెలుగువాళ్లందరికీ తెలిసిపోయారు. 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్‌కి కూడా వెళ్లారు. జియో 2016 సెప్టెంబరులో మొదలై డేటా ధర ఒక్కసారిగా పడిపోవడంతో ఆ నవ్వు ఇంటింటికీ చేరింది.

ఆ వీడియోలు ఎందుకంత సేద తీరుస్తాయో ఆలోచిస్తే, హాస్యం కంటే ముందు భాష తగులుతుంది. చాలాకాలం సినిమాల్లో తెలంగాణ మాట ఎవరి నోట్లో ఉండేది? రౌడీ నోట్లోనో, నవ్వుల పాలయ్యే పనివాడి నోట్లోనో. ఇక్కడి మనిషి బడిలో ఒక తెలుగు నేర్చుకుని, ఆఫీసులో ఇంకో తెలుగు మాట్లాడి, పై అధికారితో ఇంగ్లిష్‌కి మారి, ఇంటికొచ్చాకే "ఏందే, తిన్నవా?" అనగలుగుతాడు. మాటను పొద్దంతా దిద్దుకుంటూ ఉండటం కూడా ఒక బరువే. గంగవ్వ మాట్లాడుతుంటే ఆ బరువు దిగిపోతుంది, ఎందుకంటే ఆమె దేన్నీ దిద్దుకోరు. మడికొండ ఐటీ పార్కులో పొద్దంతా విదేశీ క్లయింట్లతో ఇంగ్లిష్‌లో మాట్లాడి వచ్చిన కుర్రాడు రాత్రి ఆ వీడియో పెట్టుకుంటే, ఒక రకంగా సొంతూరికి వెళ్లొచ్చినట్టే.

అదే యూట్యూబ్‌లో ఇంకో సరుకు కూడా ఉంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని మన ప్రభుత్వం నిషేధించింది. ఆ సెప్టెంబరులోనే యూట్యూబ్ షార్ట్స్‌ని ప్రపంచంలో మొదట మన దేశంలోనే పరీక్షకు పెట్టింది. అరనిమిషం వీడియోలు అనుకుంటే అరగంటలో అరవై. ఒకదానిలో వంట, తర్వాతిదానిలో రోడ్డు ప్రమాదం, ఆ తర్వాత డ్యాన్సు, ఆ వెంటనే ఎవరో ఎవరినో తిట్టడం. ప్రతి దానికీ మనసు కొత్తగా సర్దుకోవాలి, సర్దుకునేలోపు అది పోతుంది. చూసినవాణ్ని తర్వాత అడిగితే రెండు కూడా గుర్తుండవు. అసలు తేడా పొట్టి, పొడుగుల్లో లేదు. చేర్యాల పటానికి చివరి బొమ్మ ఉంది, కథకుడు దాన్ని చుట్టేస్తే జనం లేచి ఇళ్లకు పోయేవాళ్లు. టామ్ అండ్ జెర్రీకి ఏడో నిమిషం ఉంది. మారియోకి జెండా కర్ర ఉంది. షార్ట్స్‌కి లేవమని చెప్పేది ఏదీ లేదు. అలసిన మనిషికి తనంతట తాను ఆపే శక్తే తక్కువగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఆపే బాధ్యత అతని మీద పడుతుంది. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసినవాణ్ని బద్ధకస్తుడనడం కంటే, చివర లేని వస్తువు చేతిలో పెట్టారనడం నిజానికి దగ్గరగా ఉంటుంది. ఇష్టమైన నాలుగు వీడియోలను పగలే ప్లేలిస్ట్‌గా పెట్టుకుని ఆటోప్లే ఆపేస్తే కొంత ఉపాయం దొరుకుతుంది. విరామం గుర్తుచేసే ఏర్పాటు కూడా యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ఉంది.

ఫోన్‌తో ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆఫీసు వాట్సాప్ గ్రూపు ఉన్నదీ, మారియో ఉన్నదీ ఒకే ఫోన్‌లో. జెండా కర్ర దగ్గరికి చేరుతుండగా పైనుంచి "రేపు పొద్దున తొమ్మిదికల్లా రిపోర్టు పంపండి" అన్న మెసేజ్ జారుతుంది. మనసు పని నుంచి విడిపోవాలన్న మొదటి అవసరమే అక్కడ దెబ్బతింటుంది. అదే కార్టూన్‌ని హాల్లో టీవీలో చూసినప్పుడు ఎక్కువ హాయిగా ఉండటానికి పెద్ద తెర ఒక్కటే కారణం కాదు, ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌లో ఉండటం కూడా. పాత చేతి గేమ్ కొనుక్కున్నవాళ్లు డబ్బు దండగ చేయలేదు. ఆఫీసు పని చొరబడలేని ఒక వస్తువును ఇంట్లో పెట్టుకున్నారు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా విశ్రాంతిని పాడుచేసేది ఒకటుంది, తప్పు చేస్తున్నామన్న భావం. లియోనార్డ్ రైనెకే, టిలో హార్ట్‌మన్, అలిసన్ ఈడెన్ 2014లో అచ్చేసిన అధ్యయనంలో దీన్నే పట్టుకున్నారు. పని చేసి బాగా అలసినవాళ్లు టీవీ చూడటాన్ని, గేమ్ ఆడటాన్ని విశ్రాంతిగా కాకుండా పని ఎగ్గొట్టడంగా చూసుకుంటారని, ఆ అపరాధ భావం వల్లే వాళ్లకు దక్కాల్సిన సేద తగ్గుతుందని వాళ్లు తేల్చారు. అంటే అందరికంటే ఎక్కువ అవసరమున్నవాళ్లకే అందరికంటే తక్కువ దక్కుతోంది. "ఇంకా బొమ్మలేందిరా" అన్న మాట ఎంత ప్రేమతో అన్నా ఆ అరగంటలో సగం తినేస్తుంది. మిగతా సగం కోసం అతను ఇంకో అరగంట కూర్చుంటాడు.

ఇష్టమైన కార్టూన్ ముందు కూర్చున్నా వారాల తరబడి నవ్వు రాకపోతే, నిద్ర పట్టకపోతే, పొద్దున లేవాలంటేనే భయమేస్తే మాత్రం అది బొమ్మలతో తీరే అలసట కాదు. మానసిక ఆరోగ్య సహాయం కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

తప్పు చేస్తున్నామన్న ఆ భావం ఆడవాళ్ల దగ్గర ఇంకా బరువుగా ఉంటుంది. డ్యూటీ చేసి వచ్చిన మగమనిషి టీవీ ముందు కూర్చుంటే "అలసిపోయి వచ్చిండు" అంటారు. అదే డ్యూటీ చేసి, వంట కూడా చేసిన ఆడమనిషి కూర్చుంటే "ఫోన్ పట్టుకున్నది" అంటారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని, పక్కన ఫోన్‌లో ఏదో ఒకటి నడిపిస్తూ పనిచేస్తారు. చూసేవాళ్లకు అది వినోదంలా కనిపిస్తుంది. చేతులు ఆగకుండా, వెయ్యి బీడీల లెక్క తప్పకుండా సాగే పనికి అది తోడు మాత్రమే, విశ్రాంతి కాదు. టీచరు ఉద్యోగం చేసే ఆమెకు పదిన్నరకి దొరికే వీడియో కూడా చాలాసార్లు ముక్కలుగానే దొరుకుతుంది. మధ్యలో మంచినీళ్లు కావాలంటారు, రేపటి యూనిఫాం ఎక్కడుందంటారు, గ్యాస్ కట్టేశావా అంటారు. సొన్నెంటాగ్, ఫ్రిట్జ్ చెప్పిన నాలుగోది, ఈ సమయం నాది అనిపించడం, ఆమెకు దొరకనిది అదే. నీళ్లు, యూనిఫాం, గ్యాస్ సంగతి ఆ పూటకి ఇంట్లో ఇంకొకరు చూసుకుంటే, ఆమె గంగవ్వ వీడియో ఒకటి మొదటి నుంచి చివరిదాకా చూస్తుంది.